కాళ్ల కింద మంచు కుంగిన రోజు

ముందు ఆ శబ్దం గురించి చెప్పాలి, అది ఒకసారి విన్నవాళ్లు మళ్లీ మర్చిపోరు. పొద్దున్న తొమ్మిది కావస్తోంది. మేం నలుగురం, స్కీల అడుగున స్కిన్‌లు (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా పట్టు ఇచ్చే పట్టీలు) అంటించుకుని, చెట్ల మధ్య ఉన్న ఓ ఖాళీ జాగా దాటుతున్నాం. దాదాపు చదునైన నేల, మహా అయితే 5 డిగ్రీల వాలు ఉంటుంది. రెండు రోజుల కిందటే 40 సెంటీమీటర్ల కొత్త మంచు పడింది, ఇప్పుడు ఆకాశం కడిగినట్టుంది, గాలి కూడా లేదు. ముందు నడుస్తున్న మనిషి ఒక అడుగు వేశాడు, అంతే, లోతులో ఎక్కడో "వూంఫ్" అని బరువైన శబ్దం, దుప్పటి కింద ఎవరో పెద్దగా ఊపిరి వదిలినట్టు. మా నలుగురి కాళ్ల కింద మంచు ఒక్కసారిగా ఓ వేలు మందం కిందికి దిగింది. ఇరవై అడుగుల అవతల ఉన్న చిన్న మొక్కల మీది మంచు జలజలా రాలింది. ఆ మొక్కల దగ్గరికి మాలో ఎవరూ వెళ్లలేదు.

మాకేం కాలేదు, అక్కడ జారడానికి వాలు లేదు కాబట్టి. కానీ మేం ఆ రోజు ఎక్కి దిగాలనుకున్న వాలు అక్కడికి ఓ 200 మీటర్ల పైన ఉంది, ఇది ఎటు తిరిగి ఉందో అదీ అటే తిరిగి ఉంది, అది 36 డిగ్రీలు. మా కాళ్ల కింద కూలిన పొరే ఆ వాలు కింద కూడా పరుచుకుని ఉంటుందని ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఈ పోస్టు ఆ రోజు గురించే, ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మంచు నిలబడుతుందా జారుతుందా అన్నది మనం దేన్ని చూసి నమ్ముతామో దాని గురించి. నేను చాలాకాలం తప్పు చోట నమ్మకం పెట్టుకున్నాను.

అసలు మన భాషలోనే ఒక చిక్కుంది. పొగమంచూ మంచే, గడ్డి మీద బిందువులూ మంచే, ఆకాశం నుంచి దూదిలా పడేదీ మంచే, రాయిలా గడ్డకట్టిందీ మంచే. వార్తల్లో అయితే మంచు కురిసినా హిమపాతమే, కొండ మీది మంచు విరిగి ముంచేసినా హిమపాతమే. దాంతో చదివేవాళ్ల మనసులో ఒక బొమ్మ స్థిరపడిపోతుంది: ఎక్కడో శిఖరం మీద మంచు కదిలింది, పాపం కింద ఉన్నవాళ్ల మీద పడింది, అది వాళ్ల తలరాత. ఊళ్ల మీద, రోడ్ల మీద పడేవాటి సంగతి వేరు. సరదా కోసం కొండెక్కి అవలాంచ్‌లో, అంటే ఇలా విరిగి జారే మంచులో, చిక్కుకునేవాళ్ల విషయంలో మాత్రం దాదాపు 90 శాతం సందర్భాల్లో దాన్ని కదిలించింది వాళ్లే, లేదా వాళ్ల జట్టులోని మనిషే. అది పైనుంచి వచ్చి పడలేదు, వాళ్ల కాళ్ల కిందే విరిగింది. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే మిగతాదంతా వేరేగా కనిపిస్తుంది, ఎందుకంటే మన కాలు ఎక్కడ పెట్టాలో మన చేతిలోనే ఉంది. అందుకే ఇక్కడ నేను హిమపాతం అనకుండా అవలాంచ్ అనే రాస్తున్నాను.

అవలాంచ్‌లలోనూ తేడాలున్నాయి. పొడి మంచు ఒక చుక్క దగ్గర మొదలై కిందికి పోతూ పోతూ వెడల్పవుతుంది, అది చాలాసార్లు చిన్నదే. మనుషుల్ని ఎక్కువగా చంపేది స్లాబ్ అవలాంచ్. పాత గోడకి నెమ్ము ఎక్కితే సున్నం పెచ్చు మొత్తంగా ఊడి పడుతుంది చూడండి, అలాంటిది. పెచ్చు గట్టిగానే ఉంటుంది, గోడా గట్టిగానే ఉంటుంది, రెండింటి మధ్య పట్టు పోతుంది. మంచులో కూడా పైన ఒకదానికొకటి అతుక్కున్న పొర ఉంటుంది, దాని కింద సరిగా అతుక్కోని బలహీనమైన పొర ఒకటి ఉంటుంది, ఆ రెండూ తగినంత వాలు మీద ఉంటే ఇక కావాల్సింది చిన్న కుదుపే. ఒక మనిషి బరువు చాలు. బలహీన పొరలో ఒక చోట రేణువులు కూలగానే అవి మోస్తున్న బరువు పక్కవాటి మీద పడుతుంది, అవీ కూలతాయి, అలా ఆ పగులు సెకనుకి పదుల మీటర్ల వేగంతో పక్కలకి పాకిపోతుంది. మాకు వినిపించిన "వూంఫ్" అదే, కూలిన పొరలోంచి గాలి బయటికి తోసుకొచ్చిన శబ్దం. చదును నేల మీద పెచ్చు ఉన్నచోటే కిందికి కూర్చుంటుంది. వాలు మీదైతే జారుతుంది. ఇంకా భయపడాల్సింది ఏంటంటే, మనం చదును మీదే నిలబడి ఉన్నా ఆ పగులు పాకుతూ పోయి పైనున్న నిటారు వాలుని లాగేయొచ్చు. అందుకే ఆ శబ్దం విన్న వెంటనే మేం చేసిన మొదటి పని, తలెత్తి పైన ఏముందో చూడటం.

సరిగ్గా మా పైన దట్టమైన చెట్లు ఉన్నాయి, నిటారుగా ఏమీ లేదు. ఆ జాగా అంచున ఆగి గొయ్యి తవ్వాం.

గొయ్యి అంటే స్నో పిట్. పారతో నేల తగిలేదాకా తవ్వి, ఎండ పడని వైపు గోడని నున్నగా చెక్కుతాం. ఆ రోజు లోతు 110 సెంటీమీటర్లు వచ్చింది. తర్వాత ఆ గోడని చేత్తో పైనుంచి కిందికి పొడుస్తూ వస్తాం: పిడికిలి మొత్తం దిగుతుందా, నాలుగు వేళ్లు దిగుతాయా, ఒక్క వేలే దిగుతుందా, పెన్సిల్ మాత్రమే దిగుతుందా, కత్తి మొనే కావాలా. మంచు గట్టిదనాన్ని ప్రపంచమంతా ఇలాగే కొలుస్తారు, ఇంతకంటే ఖరీదైన పరికరం అక్కర్లేదు. పైన 40 సెంటీమీటర్లు కొత్త మంచు, పిడికిలి దిగుతోంది, కిందికి వచ్చేకొద్దీ నాలుగు వేళ్లు. దాని కింద చిల్లపెంకు మందాన గట్టి క్రస్ట్, అంటే పెంకులాంటి పొర, ఒకటి. ఆ కింద అరమీటరు మేర ఒక్క వేలే దిగేంత గట్టి మంచు, చూడగానే భరోసా ఇచ్చేలా ఉంది. అడుగున చివరి 20 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి వేలు పెట్టగానే గోడ రాలిపోయింది. రాలడం అంటే ముక్కలుగా కాదు, బస్తాకి చిల్లు పడితే పంచదార కారినట్టు, సర్రున, ఆగకుండా.

గ్లవ్ మీదికి తీసుకుని భూతద్దంతో చూశాను. ఒక్కో రేణువు 3, 4 మిల్లీమీటర్లు, బోలుగా, గిన్నెల్లా, పక్కల గీతలు గీతలుగా. నొక్కితే ముద్ద కట్టదు. ఎంత గట్టిగా పిసికినా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. దీన్నే డెప్త్ హోర్ అంటారు, వాడుకలో షుగర్ స్నో. మీటరు మంచూ, దాని మీద మేమూ, ఈ పంచదార మీద నిలబడి ఉన్నాం.

ఇది ఎలా పుడుతుందో తెలిస్తే చలికాలం మొత్తాన్ని మనం చూసే పద్ధతే మారిపోతుంది. సీజన్ మొదట్లో కొంచెం మంచు పడుతుంది, ఓ 30, 40 సెంటీమీటర్లు. తర్వాత రెండు మూడు వారాలు ఆకాశం నిర్మలంగా, రాత్రుళ్లు వణికించే చలి. మంచు కింద నేల మాత్రం సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, పైన గాలి మైనస్ 15. ఆ పలుచని పొరలో అడుగుకీ పైకీ అంత తేడా ఉండేసరికి, కింద వెచ్చటి చోటు నుంచి నీటి ఆవిరి పైకి కదులుతూ చల్లని రేణువుల మీద పేరుకుంటుంది. 10 సెంటీమీటర్లకి 1 డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉంటే ఈ పని జోరుగా సాగుతుందని ఒక లెక్క. రేణువుల మధ్య అతుకులు తగ్గిపోతాయి, మూలలు తేలిన పెద్ద పెద్ద రేణువులు మిగులుతాయి. నాతో సహా చాలామందికి మొదట్లో ఉండే నమ్మకం ఏంటంటే చలి ఎక్కువైతే మంచు గట్టిపడుతుందని. ఎండలో తడిసిన మంచు విషయంలో అది నిజమే, రాత్రి చలికి అది బిగుసుకుంటుంది. కానీ పలుచని పొడి మంచుని వారాల తరబడి చలిలో వదిలేస్తే అది లోపల్నుంచి కుళ్లుతుంది, ఇంతకంటే మంచి మాట నాకు దొరకడం లేదు. మందంగా పడిన మంచు దుప్పటిలా పనిచేస్తుంది, పైకీ కిందికీ మధ్య తేడా ఎక్కువ దూరంలో పంచుకుపోతుంది, రేణువులు గుండ్రబడి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అంటే మంచు తక్కువ పడిన ఏడాదే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. "ఈసారి మంచే లేదు, అవలాంచ్ ఎక్కడొస్తుంది" అనే మాట విన్నప్పుడల్లా నాకు లోపల ఒక టెన్షన్ మొదలవుతుంది.

అన్ని కొండలూ ఒక్కలా ఉండవు కూడా. సముద్రానికి దగ్గరగా ఉన్న కొండల్లో మంచు భారీగా, సున్నాకి దగ్గరి ఉష్ణోగ్రతలో పడుతుంది, తుఫాను నాడూ ఆ మర్నాడూ ప్రమాదం ఎక్కువ, తర్వాత కొద్ది రోజుల్లో చాలావరకు సర్దుకుంటుంది. అమెరికాలోని కొలరాడో లాంటి, సముద్రానికి దూరంగా ఉన్న కొండల్లో మంచు పలుచన, చలి ఎక్కువ, అడుగున ఈ పంచదార చలికాలమంతా పొంచి ఉంటుంది. ఒకచోట పదేళ్లు తిరిగి నేర్చుకున్న "తుఫాను తర్వాత రెండు రోజులు ఆగితే చాలు" అన్న సూత్రాన్ని ఇంకోచోటికి పట్టుకెళ్తే అదే ముంచుతుంది.

డెప్త్ హోర్ ఒక్కటే కాదు. నాకు అందంగా అనిపించే, అందుకే ఎక్కువ భయపెట్టే పొర సర్ఫేస్ హోర్. గాలిలేని, నిర్మలమైన, కాస్త తేమ ఉన్న రాత్రి మంచు పైభాగం మీద ఈకల్లాంటి స్ఫటికాలు మొలుస్తాయి. పొద్దున్నే ఎండ పడితే కొండంతా మెరుస్తుంది, స్కీ దాని మీదుగా పోతుంటే సన్నగా గాజు గలగలలాంటి చప్పుడు. ఎండకి కరిగిపోతేనో గాలికి విరిగిపోతేనో పరవాలేదు. అలా కాకుండా నిలబడి ఉన్నవి నిలబడినట్టే కొత్త మంచు కింద పూడిపోతే, ఆ సన్నని పొర ఒక్కోసారి వారాల పాటు అలాగే ఉంటుంది. గొయ్యి గోడలో అది ఒక సన్నని బూడిదరంగు గీతలా కనిపిస్తుంది, అశ్రద్ధగా చూస్తే కనిపించను కూడా కనిపించదు. అందుకే నేను ఇప్పుడు తుఫాను వచ్చే ముందు రోజు కొండ పైభాగం ఎలా ఉందో ఫోటోలు తీసి పెట్టుకుంటాను, ఏ వాలు మీద ఈకలున్నాయి, ఎక్కడ లేవు అని. రేపు పూడిపోయాక వెతకడం కష్టం.

గాలి గురించి ఒక్క మాట. మంచు కురవకపోయినా గాలి ఒక్కటే చాలు, గట్టు ఇవతలి మంచుని ఊడ్చుకెళ్లి అవతలి వాలు మీద పోస్తుంది, కురిసేదానికంటే ఎన్నో రెట్లు వేగంగా. ఆకాశం నీలంగా ఉండి శిఖరం నుంచి తెల్లటి జెండాలా మంచు ఎగురుతోందంటే, అది చూసి ముచ్చటపడే ముందు ఆ మంచు ఎక్కడ దిగుతోందో చూడాలి. దిగిన చోట నున్నగా, ఉబ్బుగా, తలగడలా ఉంటుంది, కర్రతో పొడిస్తే డోలు మీద కొట్టినట్టు బోలు చప్పుడు వస్తుంది. ఇక వసంతంలో తడి మంచు లెక్క వేరు: రాత్రి గడ్డకట్టిందా లేదా అన్నదే ముఖ్యం, గడ్డకట్టకపోతే వెళ్లకూడదు, గడ్డకట్టినా ఎండెక్కాక బూటు పిక్కల దాకా దిగడం మొదలైతే అప్పటికే ఆలస్యమైనట్టు.

మళ్లీ ఆ గొయ్యి దగ్గరికి వస్తాను. ఎక్స్‌టెండెడ్ కాలమ్ టెస్ట్ చేశాం. 2000ల మధ్యలో రాన్ సిమెన్‌హోయిస్, కార్ల్ బర్క్‌లాండ్ అనే ఇద్దరు తయారుచేసిన పరీక్ష ఇది. 90 సెంటీమీటర్ల వెడల్పు, గోడలోకి 30 సెంటీమీటర్ల లోతుతో మంచు దిమ్మెని చుట్టూ కోసి విడదీస్తాం. దాని ఒక చివర పార పెట్టి, మణికట్టు నుంచి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. ఇక్కడ చూడాల్సింది ఎన్నో దెబ్బకి విరిగిందన్నది మాత్రమే కాదు, కొట్టిన చివర విరిగిన పగులు అవతలి చివరిదాకా పాకిందా లేదా అన్నది. మాది 14వ దెబ్బకి విరిగింది, అంటే మోచేతి నుంచి నాలుగో దెబ్బకి, ఆ వెంటనే దిమ్మె మొత్తం, 90 సెంటీమీటర్లూ ఒకేసారి, సొరుగు లాగినట్టు గోడలోంచి ముందుకి జారింది. ఎవరం మాట్లాడలేదు.

నిజానికి ఆ రోజు ఆ గొయ్యి అక్కర్లేదు. "వూంఫ్" విన్నాక కొండ చెప్పాల్సింది చెప్పేసింది. తాజాగా పడిన అవలాంచ్ ఆనవాళ్లు, కాళ్ల కింద ఈ కుంగుడు శబ్దం, స్కీ ముందు నుంచి పాకిపోయే పగుళ్లు, ఒకటి రెండు రోజుల్లో పడిన భారీ మంచు, గాలికి పేరుకున్న మంచు, ఉన్నట్టుండి వచ్చిన వేడి, ఇవి కనిపిస్తే పార తీయాల్సిన పని లేదు, వెనక్కి తిరగడమే. మేం నేర్చుకోవడానికి తవ్వాం, పర్మిషన్ కోసం కాదు. ఈ తేడా నాకు తెలిసేసరికి చాలా ఏళ్లు పట్టింది.

అంతకుముందు రెండు చలికాలాల వెనకటి మాట చెప్తాను. అప్పుడూ గొయ్యి తవ్వాం, ఒకటి కాదు, రెండు. పరీక్ష చేస్తే ముప్పై దెబ్బలకీ దిమ్మె కదల్లేదు. హమ్మయ్య అనుకున్నాం, నవ్వుకుంటూ పైకెక్కాం. గొయ్యి తవ్విన చోటికి 60 మీటర్ల దూరంలో, అదే వాలు మీద, చిన్న రాళ్లు తేలి కనిపిస్తున్న చోట, నా స్కీ కొసల నుంచి ఒక పగులు బయల్దేరి ఎడమవైపుకి సర్రున పోయింది, ఓ ముప్పై అడుగులు. గుడ్డ చింపినట్టు ఉంది చప్పుడు. పెచ్చు ఒక అరచెయ్యి మేర జారి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను నిలబడ్డ చోట మంచు పలుచగా ఉంది, రాళ్ల చుట్టూ అడుగున పంచదార పెరిగింది, నా బరువు నేరుగా దాని మీద పడింది. మేం గొయ్యి తవ్విన చోట మంచు మందంగా ఉంది కాబట్టి మా దెబ్బలు అక్కడిదాకా చేరలేదు. పరీక్ష అబద్ధం చెప్పలేదు. అది తవ్విన చోటు గురించి మాత్రమే చెప్పింది, మేమే దాన్ని కొండంతటికీ అన్వయించుకున్నాం.

అప్పటి నుంచి నా పద్ధతి ఒక్కటే. గొయ్యి "వద్దు" అంటే నమ్ముతాను. "సరే" అంటే మాత్రం దాన్ని అనుమతి కింద తీసుకోను. పొద్దున ఇంట్లో కూర్చుని, ఈ రోజు ఏ వాలుల మీదికి వెళ్లకూడదో ముందే రాసుకుంటాం, గొయ్యిలో ఎంత మంచి ఫలితం వచ్చినా ఆ జాబితా పెద్దది కావచ్చు గానీ చిన్నది కాకూడదు.

మరి దేన్ని నమ్మాలి అంటే, నా జవాబు వాలు కోణం. మంచు లోపల ఏముందో పూర్తిగా తెలుసుకోలేం, కోణం మాత్రం కొలవొచ్చు. స్లాబ్ అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద విరుగుతాయి, అందులోనూ 38 దగ్గర మరీ ఎక్కువ. స్కీ చేయడానికి అందరికీ నచ్చే వాలులూ అవే, అదే అసలు ఇబ్బంది. 30 కంటే తక్కువ వాలు మీద ఉంటే, పైన నిటారు వాలు ఏదీ మనకి తగిలేలా లేకపోతే, ప్రమాదం చాలా చాలా తగ్గిపోతుంది. ఈ "పైన" అన్న మాట గుర్తుపెట్టుకోవాలి, 20 డిగ్రీల దారిలో నడుస్తూ 40 డిగ్రీల వాలు కింద పోతుంటే మనం ఉన్నది 40 డిగ్రీల ప్రమాదంలోనే. ఫోన్ మ్యాపుల్లో వాలుని రంగులతో చూపిస్తారు, బాగా పనికొస్తాయి, కానీ పది మీటర్ల చిన్న నిటారు మడత వాటిలో కనిపించకపోవచ్చు, మనుషులు చిక్కుకునేది అలాంటి మడత దగ్గరే. నేను చిన్న కోణమాని ఒకటి మెడలో వేసుకుంటాను, కంటితో వేసిన అంచనాకీ దానికీ ఐదారు డిగ్రీల తేడా రావడం మామూలే. కింద ఏముందో కూడా చూడాలి: ఇరుకు లోయ, కాలువ, చెట్లు, కొండ అంచు. ఇరుకు కాలువలో చిన్న అవలాంచ్ కూడా మనిషిని రెండు మీటర్ల లోతున పూడ్చగలదు, అదే మంచు వెడల్పు మైదానంలోకి వస్తే మోకాళ్ల దాకా కూడా రాదు.

అవలాంచ్ బులెటిన్లలో ఇచ్చే ప్రమాద స్థాయి అంకె గురించి కూడా చెప్పాలి. ఒకటి నుంచి ఐదు వరకు ఉంటుంది, యూరప్ దేశాలు 1993లో ఒకే స్కేలుకి వచ్చాయి. మూడు అనగానే మధ్యలో ఉంది కదా, మరీ చెడ్డది కాదులే అనిపిస్తుంది. కానీ చావులు ఎక్కువగా జరిగేది ఆ మూడో స్థాయి ఉన్న రోజునే. నాలుగైదు ఉన్నప్పుడు కొండ కళ్లెదుటే కూలుతుంటుంది, చాలామంది వెళ్లరు. మూడు ఉన్నప్పుడు ఆకాశం బావుంటుంది, మంచు బావుంటుంది, కనిపించే హెచ్చరిక ఒక్కటీ ఉండకపోవచ్చు, మనిషి బరువుకి మాత్రం విరుగుతుంది. పైగా రెండు నుంచి మూడుకి మెట్టు ఒకటే అయినా ప్రమాదం రెట్లలో పెరుగుతుంది. స్విట్జర్లాండ్‌లో దావోస్‌లోని ఎస్‌ఎల్‌ఎఫ్ (మంచు, అవలాంచ్ పరిశోధన సంస్థ) లాంటి సంస్థల బులెటిన్ చదివేటప్పుడు నేను అంకె దగ్గర ఆగను, కింద రాసినది చదువుతాను: ఏ రకం సమస్య, ఏ ఎత్తులో, ఏ దిక్కు వాలుల మీద. గాలి పోసిన మంచు అయితే కంటికి కనిపిస్తుంది, తప్పుకుని పోవచ్చు. పాత బలహీన పొర అని రాస్తే అది కనిపించదు, ఎక్కడుందో ఊహించలేం, ఆ రోజు నాకు నిటారు వాలులు లేనట్టే.

ఆ పొద్దున్న దిమ్మె జారిపోయాక మా జట్టులో అందరికంటే చిన్నవాడు పైకి చూపించి, "అన్నా, నిన్న ఇద్దరు అదే వాలు దిగారు, చూడు, ట్రాక్‌లు ఉన్నాయి" అన్నాడు. నిజమే, రెండు అందమైన గీతలు, వంకర్లు తిరుగుతూ కిందిదాకా. పెద్దాయన కాసేపు వాటినే చూసి, "వాళ్లు పలుచటి చోటు తొక్కలేదు, అంతే నాన్నా. మనం తొక్కకుండా ఉంటామని ఎవరు చెప్పారు?" అన్నాడు. వాడు ఇంకేం అనలేదు గానీ మొహం చిన్నబోయింది. వాడి బాధ నాకు తెలుసు, చీకట్లో లేచి, మూడు గంటలు ఎక్కి వచ్చాం. ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు అమెరికాలో జరిగిన 700కు పైగా ప్రమాదాల్ని 2000ల మొదట్లో పరిశీలించి చెప్పింది ఇదే. చాలామందికి ప్రమాదం గుర్తుపట్టే చదువు ఉంది, సూచనలూ కళ్లముందే ఉన్నాయి. తెలిసిన వాలు కదా అని, ఇంత దూరం వచ్చాం కదా అని, పక్కవాళ్లు వెళ్లారు కదా అని, జట్టులో అనుభవజ్ఞుడు ఉన్నాడు కదా అని ముందుకెళ్లారు. ఆ రోజు నుంచి మా జట్టులో ఒక నియమం పెట్టుకున్నాం: ఒక్కరు వద్దన్నా వెనక్కే, కారణం అక్కడికక్కడే నిరూపించాల్సిన పని లేదు, కొత్తగా వచ్చిన మనిషి అన్నా సరే.

ఒకవేళ పూడిపోతే? ఇది రాయడం నాకు ఇష్టం లేదు గానీ రాయకపోతే తప్పు. పావుగంటలోపు బయటికి తీస్తే పదిమందిలో సుమారు తొమ్మిది మంది బతుకుతారన్నది పాత స్విస్ లెక్క, అరగంట దాటేసరికి అది మూడో వంతుకి పడిపోతుంది. కొత్త పరిశీలనలు ఆ పావుగంటని పది నిమిషాలకి కుదిస్తున్నాయి. జారేటప్పుడు నీళ్లలా పారిన మంచు, ఆగిన క్షణంలో బిగుసుకుపోతుంది, వేలు కూడా కదపలేం, మన ఊపిరే మన మొహం చుట్టూ మంచుగడ్డ కడుతుంది, వదిలిన గాలే మళ్లీ పీలుస్తాం. హెలికాప్టర్ వచ్చేలోపు అయిపోతుంది. పక్కనున్న మనిషే దిక్కు. అందుకే ప్రతి ఒక్కరి ఒంటి మీద బీకన్ (సిగ్నల్ పంపే, పట్టుకునే చిన్న పరికరం), సంచిలో ప్రోబ్ (మంచులో పొడిచి వెతికే పొడవాటి కడ్డీ), పార. బీకన్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, ఏ కంపెనీదైనా మరోదాన్ని పట్టుకుంటుంది. ఫోన్, బ్యాటరీతో వేడెక్కే గ్లవ్‌లు, కెమెరా బీకన్‌కి 20 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి, వెతికేటప్పుడు 50. అందరూ బీకన్‌తో ప్రాక్టీసు చేస్తారు, పారతో ఎవరూ చేయరు, ఎక్కువ సమయం పోయేది తవ్వడంలోనే. మనిషి ఉన్న చోటికి నేరుగా పైనుంచి తవ్వకూడదు, ప్రోబ్ చూపించిన లోతుకి ఒకటిన్నర రెట్లు కిందికి జరిగి, వాలు పక్క నుంచి లోపలికి తవ్వుకుంటూ పోవాలి. ఎయిర్‌బ్యాగ్ (లాగగానే గాలితో ఉబ్బే సంచి) మనిషిని పైకి తేల్చడంలో నిజంగా సాయపడుతుంది, చెట్టుకి కొట్టుకుంటే మాత్రం ఏమీ చేయలేదు. చనిపోయేవాళ్లలో సుమారు నాలుగో వంతు ఊపిరాడక కాదు, దెబ్బలకే పోతారు. ఇవన్నీ తప్పు జరిగిపోయాక పనికొచ్చేవి.

ఆ రోజు మేం 25 డిగ్రీలు దాటని చెట్ల మధ్య నుంచి దిగాం. మంచు బావుంది, మోకాళ్ల దాకా పొడి, చిన్నవాడి మొహం కూడా సగం దారిలో విప్పారింది. ఆ 36 డిగ్రీల వాలు ఆ సీజన్ అంతా జారలేదు, నేను వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. ఆ రోజు ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు, ఏమీ కాకపోయి ఉండొచ్చు. ఈ విద్యలో కష్టమంతా ఇక్కడే ఉంది. తప్పు చేసినా చాలాసార్లు కొండ ఊరుకుంటుంది, మంచి పరుగు దొరుకుతుంది, అందరం చప్పట్లు కొట్టుకుంటాం, ఆ తప్పే మనకి అనుభవం అనిపిస్తుంది. నా పాత డైరీలో "స్టేబుల్" అని రాసుకున్న రోజులు చాలా ఉన్నాయి, వాటిలో ఎన్ని నిజంగా స్టేబులో, ఎన్ని రోజులు నేను పలుచటి చోటు పక్కనుంచి వెళ్లిపోయానో చెప్పలేను. ఇప్పుడు ఆ మాట రాయడం మానేశాను. ఏ కోణం వాలు దిగామో, పైన ఏముందో, ఏం చూశామో, ఏం విన్నామో రాస్తున్నాను.

పోయిన వారం మళ్లీ ఈకలు మొలిచాయి, నీడ వాలుల మీద గోరంత పొడవున, ఫోటోలు తీసిపెట్టాను. గురువారం రాత్రి గాలి లేకుండా 25 సెంటీమీటర్ల మంచు పడింది, అంటే అవి నిలబడే పూడి ఉంటాయి. ఆదివారం వెళ్తున్నాం, చెట్ల మధ్య దారినే, ఆ ఖాళీ జాగా దగ్గర మళ్లీ తవ్వుతాం. తవ్వే పని ఈసారి చిన్నవాడిది, వాడే అడిగాడు.